రీలోడింగ్‌కు తగిన బుల్లెట్‌ను ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

పేల్చిన ఇత్తడి కేసును (తూటా తొడుగును) శుభ్రం చేసి, సైజు సరిచేసి, అందులో కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి పౌడర్‌ను రగిలించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ అమర్చి మళ్లీ తూటాగా తయారుచేసుకోవడాన్ని అమెరికాలో రీలోడింగ్ అంటారు. అక్కడ లక్ష్య సాధన చేసేవారిలోనూ, వేటగాళ్లలోనూ ఇది ఎంతో కాలంగా స్థిరపడిన అభిరుచి. ఈ వ్యాసంలో తూటా అంటే పూర్తిగా కూర్చిన వస్తువు, బుల్లెట్ అంటే దాని కొన నుంచి విడివడి బారెల్ గుండా బయటికి వెళ్లే లోహపు ముక్క మాత్రమే. కొత్తవారు పౌడర్ గురించి ఎంతో ఆలోచించి, బుల్లెట్‌ను మాత్రం దుకాణంలో ఏది దొరికితే అది కొంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. ఏ పౌడర్ వాడాలి, ఎంత వాడాలి, తూటా పొడవు ఎంత ఉండాలి అనే మూడు నిర్ణయాలూ బుల్లెట్ మీదే ఆధారపడతాయి కనుక ముందుగా తేల్చుకోవలసింది బుల్లెట్‌నే.

పనిలోకి దిగేముందు చట్టం సంగతి చూడాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి ప్రత్యేక లైసెన్సు ఉండి తీరాలి. ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం మందుగుండు భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని తుపాకీ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకోవడం కుదరదు. అమెరికా ఫెడరల్ చట్టం సొంత వాడకానికి రీలోడింగ్ చేసుకోనిస్తుంది గాని, అమ్మకానికి తయారుచేయాలంటే వేరే లైసెన్సు కావాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీనే కాదు, తూటాలను సైతం దగ్గర ఉంచుకోకూడదని అదే ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఇందుకు ఉన్నాయి. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో మిత్రుడి గ్యారేజీలో రీలోడింగ్ బల్ల ముందు కూర్చోవాలనుకునే తెలుగువారు ఈ నిబంధనను ముందుగా తమకు అన్వయించి చూసుకోవాలి. రాష్ట్రాల చట్టాలు వీటికి అదనం.

ఇక్కడి నుంచి .308 వించెస్టర్ రైఫిల్ తూటాను ముఖ్య ఉదాహరణగా తీసుకుంటాను. 1952లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ తూటాకు దొరికినన్ని రకాల బుల్లెట్లు చాలా కొద్ది తూటాలకే దొరుకుతాయి. అందువల్ల ఎంపికలో ఎదురయ్యే చిక్కులన్నీ ఇందులో కనిపిస్తాయి.

మొదటి మెట్టు: పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోవడం

"రెండు వందల గజాల లోపు తెల్లతోక జింక వేటకు", "ఆరు వందల గజాల కాగితపు లక్ష్యం మీద పోటీకి", "వారాంతంలో వంద గజాల రేంజిలో అభ్యాసానికి" అన్నట్లు స్పష్టంగా రాసుకోవాలి. అన్నింటికీ పనికొచ్చే ఒకే బుల్లెట్ కోసం వెతికితే ఏ పనికీ పూర్తిగా తగనిది దొరుకుతుంది. కాగితం మీద ఒకే రంధ్రంలో గుళ్లు పడేలా చేసే మ్యాచ్ (పోటీ కాల్పుల కోసం చేసిన) బుల్లెట్ జంతువు శరీరంలో ఎలా ప్రవర్తిస్తుందో దాన్ని తయారుచేసినవారే హామీ ఇవ్వరు. వేటకు నమ్మదగిన బుల్లెట్ ఆరు వందల గజాల పోటీలో గాలికి ఎక్కువగా పక్కకు కొట్టుకుపోవచ్చు. రెండు పనులుంటే రెండు రకాల బుల్లెట్లు కొని, రెండింటికీ విడివిడిగా లోడ్లు (పౌడర్ రకం, మోతాదుల కూర్పులు) తయారుచేసుకోవడమే తక్కువ ఖర్చు దారి.

రెండో మెట్టు: వ్యాసం

తూటా పేరును చూసి బుల్లెట్ వ్యాసాన్ని ఊహించకూడదు. .308 వించెస్టర్ బుల్లెట్ వ్యాసం పేరులో ఉన్నట్లే 0.308 అంగుళాలు గాని, .38 స్పెషల్ రివాల్వర్‌కు కావలసింది 0.357 అంగుళాల బుల్లెట్. 9 ఎంఎం పిస్టల్‌కు 0.355 కావాలి. .270 వించెస్టర్‌కు 0.277, .303 బ్రిటిష్‌కు 0.311 ప్రాంతంలో ఉండాలి. పాత జర్మన్ 8 ఎంఎం మౌజర్ రైఫిళ్లలో తొలి కాలపు బారెళ్లు 0.318కి, తర్వాతివి 0.323కి చేసినవి. సన్నని బారెల్‌లో లావు బుల్లెట్‌ను పేలిస్తే ఒత్తిడి ప్రమాదకర స్థాయికి చేరుతుంది. అందుచేత పాత రైఫిల్ కొన్నవారు దాని మీది ముద్రను మాత్రమే నమ్మకుండా, మెత్తని సీసపు ముక్కను బారెల్ గుండా నెట్టించి, దాని మీద పడిన గాళ్ల వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలిపించుకోవాలి. తుపాకీ మరమ్మతు తెలిసిన వారికి ఇది నిమిషాల పని. పోతపోసిన సీసపు బుల్లెట్లను ఆ కొలతకన్నా సాధారణంగా అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ లావుగా ఎంచుకుంటారు. జాకెట్ (సీసం పైన రాగి మిశ్రమపు పొర) ఉన్న బుల్లెట్‌ను సరిగ్గా ఆ కొలతకే తీసుకోవాలి.

మూడో మెట్టు: బారెల్ మెలికకు తగిన పొడవు

బారెల్ లోపలి గాళ్లు మెలి తిరుగుతూ వెళ్లి బుల్లెట్‌ను గిరగిరా తిప్పుతాయి. ఎన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతుందో చెప్పే అంకెనే ట్విస్ట్ అంటారు. 1:12 అంటే పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు, 1:7 అంటే ఏడు అంగుళాలకే ఒక చుట్టు అని అర్థం. చాలామంది బరువైన బుల్లెట్‌కు వేగమైన ట్విస్ట్ కావాలని చెబుతారు. అసలు లెక్క బరువుది కాదు, పొడవుది. ఒకే వ్యాసంలో బరువు పెరిగితే పొడవూ పెరుగుతుంది కనుక ఆ మాట చాలాసార్లు సరిపోతుంది, కాని రాగి బుల్లెట్ల దగ్గరకు వచ్చేసరికి తప్పుతుంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములైతే రాగిది 8.96 మాత్రమే. అందువల్ల 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్, అదే బరువున్న సీసపు బుల్లెట్‌కన్నా పొడవుగా ఉంటుంది, దానికన్నా బరువైన సీసపు బుల్లెట్‌కు కావలసినంత ట్విస్ట్‌ను కోరుతుంది. (ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌను, ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు.)

బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ తొలి అంచనాకు పనికొస్తుంది. బుల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని దాని వర్గాన్ని 150తో గుణించి, వచ్చినదాన్ని బుల్లెట్ పొడవుతో భాగిస్తే కావలసిన ట్విస్ట్ అంగుళాల్లో వస్తుంది. 0.308 వ్యాసం, 1.2 అంగుళాల పొడవు ఉన్న బుల్లెట్‌కు ఇది దాదాపు 11.9 అవుతుంది. 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లు ఈ పొడవుకు దగ్గరగా ఉంటాయి కనుక 1:12 బారెల్‌లో అవి ఇరుకుగా సరిపోతాయి. 1:10 బారెల్ అయితే అంతకన్నా బరువైనవాటికీ, పొడవైన రాగి బుల్లెట్లకూ చోటు ఉంటుంది. ఆధునిక బుల్లెట్ల సన్నని కొనలను ఈ సూత్రం పూర్తిగా పట్టుకోలేదు కాబట్టి తుది మాట తయారీదారు పెట్టె మీద ముద్రించిన కనీస ట్విస్ట్‌దే.

.223 రెమింగ్టన్ విషయంలో ఈ మెట్టు మరింత ముఖ్యం, ఎందుకంటే ఒకే తూటాకు అనేక ట్విస్ట్‌లు చలామణిలో ఉన్నాయి. అమెరికా సైన్యం ఎం16ఎ1 రైఫిల్‌లో 55 గ్రెయిన్ల బుల్లెట్‌కు 1:12 వాడింది. తర్వాతి ఎం16ఎ2లో 1:7కు మారింది. ఆ మార్పుకు ముఖ్య కారణం 62 గ్రెయిన్ల సాధారణ బుల్లెట్ కాదు, దానితో పాటు వాడే పొడవైన ట్రేసర్ (వెలుగుతూ తన దారిని చూపే) బుల్లెట్. పౌర రైఫిళ్లలో 1:9 ఉంటే సుమారు 69 గ్రెయిన్ల దాకా, 1:8 లేక 1:7 ఉంటే 75, 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లను ఎంచుకోవచ్చు. ట్విస్ట్ చాలకపోతే కాగితం మీద గుండ్రని రంధ్రం బదులు తాళపు చెవి రంధ్రంలా పొడుగాటి చీలిక కనిపిస్తుంది. అది కనిపించిన మరుక్షణం ఆ బుల్లెట్‌ను ఆ రైఫిల్‌లో వాడడం మానాలి.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. సెకనుకు 3,200 అడుగుల వేగంతో 1:7 బారెల్ నుంచి వెలువడిన బుల్లెట్ నిమిషానికి సుమారు 3,29,000 చుట్లు తిరుగుతుంది. కుందేళ్లు, ప్రెయిరీ డాగ్‌ల వంటి చిన్న జంతువుల కోసం చాలా పల్చని జాకెట్‌తో చేసిన తేలిక బుల్లెట్లు ఈ తిరుగుడుకు తట్టుకోలేక లక్ష్యం చేరకముందే గాలిలోనే చెదిరిపోతాయి. అటువంటి వాటి పెట్టె మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, దాన్ని తప్పక చదవాలి.

నాలుగో మెట్టు: నిర్మాణం

ఎంపికలో అసలైన విచక్షణ ఇక్కడే అవసరమవుతుంది.

ఫుల్ మెటల్ జాకెట్ బుల్లెట్‌లో సీసపు గుండెను రాగి మిశ్రమపు పొర ముందు నుంచి కప్పేస్తుంది, వెనుక భాగంలో మాత్రం సీసం బయటికి కనిపిస్తుంది. అది చవక, అభ్యాసానికి చక్కగా సరిపోతుంది. వేటకు మాత్రం పనికిరాదు. శరీరంలో విప్పారకుండా సన్నని దారి చేసుకుంటూ బయటికి వెళ్లిపోయి జంతువును గాయంతో తప్పించుకుపోనిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు జింక వేటకు దీన్ని నిషేధించడానికి కారణం ఇదే. కొన్ని చవక రకాల జాకెట్‌లో ఉక్కు కలిసి ఉంటుంది. చాలా రేంజిలు గుమ్మం దగ్గరే అయస్కాంతం పెట్టి చూసి అటువంటివాటిని వెనక్కి పంపుతాయి. కాబట్టి కొనేటప్పుడే అయస్కాంతంతో పరీక్షించుకోవడం మంచిది.

సాఫ్ట్ పాయింట్ అంటే కొనలో సీసం బయటికి ఉన్న బుల్లెట్. తగిలినప్పుడు ముందు భాగం పుట్టగొడుగులా విప్పారి జంతువును త్వరగా పడగొడుతుంది. .308లో 150 లేక 165 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ జింకకు ఇప్పటికీ నా మొదటి సిఫారసు. దీనికన్నా మెరిసే పెట్టెల్లో ఖరీదైన బుల్లెట్లు ఎన్నో వచ్చాయి గాని, రెండు వందల గజాల లోపు మధ్యరకం జంతువుకు వాటి అదనపు ధర వల్ల ఒరిగేది తక్కువ. విప్పారడానికి కనీస వేగం ఒకటి ఉంటుంది. చాలా వేట బుల్లెట్లకు అది సెకనుకు 1,800 అడుగుల ప్రాంతంలో ఉంటుంది, కచ్చితమైన అంకె తయారీదారు చెబుతాడు. 150 గ్రెయిన్ల బుల్లెట్ .308 బారెల్ నుంచి సుమారు 2,800 అడుగుల వేగంతో బయలుదేరితే రెండు వందల గజాల వద్ద ఇంకా 2,300 ప్రాంతంలో ఉంటుంది. అంటే చాలినంత మిగులు ఉన్నట్లే. పొట్టి బారెల్ ఉన్నవారు మాత్రం తమ వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలిచి ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

పెద్ద జంతువు, గట్టి ఎముక, దగ్గరి దూరం కలిసినప్పుడు మామూలు సాఫ్ట్ పాయింట్ లోతుకు చేరకముందే ముక్కలైపోయే అవకాశం ఉంది. అమెరికా వేటగాడు జాన్ నోస్లర్ 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ దుప్పిని వేటాడుతుండగా, దాని ఒంటికి పట్టి ఎండిన బురద పొరను దాటి ఆయన బుల్లెట్లు లోతుకు పోలేదు. దాని నుంచి పుట్టినదే పార్టిషన్ బుల్లెట్. ఇందులో జాకెట్ మధ్యలో అడ్డగోడ ఉంటుంది. ముందరి సీసం విప్పారుతుంది, వెనుక సీసం అడ్డగోడ రక్షణలో ముక్క కాకుండా లోతుకు చొచ్చుకుపోతుంది. 1948లో ఆయన దీనితోనే కంపెనీ ప్రారంభించాడు. తర్వాత సీసాన్ని జాకెట్‌కు అతికించిన బాండెడ్ బుల్లెట్లూ, పూర్తిగా రాగితో చేసినవీ ఇదే అవసరాన్ని వేరే దారుల్లో తీర్చాయి. ఎల్క్, మూస్, పెద్ద అడవిపందులకు ఈ కుటుంబం నుంచి ఎంచుకోవడం సమంజసం.

రాగి బుల్లెట్లకు మరో కారణం కూడా ఉంది. వేటగాడు వదిలివెళ్లిన పేగుల్లోని సీసపు తునకలను తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు విషప్రభావానికి గురవుతున్నాయని తేలడంతో, ఆ రాష్ట్రం 2013లో చట్టం చేసి 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు మందుగుండును పూర్తిగా నిషేధించింది. కాలిఫోర్నియాలో వేటకు వెళ్లేవారు సీసం లేని బుల్లెట్‌నే ఎంచుకోవాలి. .308లో మామూలుగా 150 గ్రెయిన్ల సీసం వాడేవారు రాగిలో 130 గ్రెయిన్లకు దిగవచ్చు. రాగి బుల్లెట్ ముక్కలై బరువు కోల్పోదు కనుక తేలికైనా లోతుకు వెళ్తుంది, పొడవు తగ్గడం వల్ల ట్విస్ట్ సమస్యా ఉండదు. చట్టం ఒత్తిడి లేని చోట కూడా ఇంటికి తెచ్చి పిల్లలకు వండిపెట్టే మాంసం విషయంలో నేను రాగివైపే మొగ్గుతాను.

మ్యాచ్ బుల్లెట్‌కు కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. అది విప్పారడానికి పెట్టింది కాదు. జాకెట్‌ను వెనుక నుంచి ముందుకు మలచడం వల్ల మిగిలిన రంధ్రం అది. ఆ పద్ధతి వల్ల అడుగు భాగం కచ్చితంగా వస్తుంది, గురి మెరుగుపడుతుంది. .308లో 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ ఆరు వందల గజాల దాకా పేరు తెచ్చుకున్నది. వెయ్యి గజాలకు మాత్రం అది తగదు. వేగం ధ్వని వేగానికి దగ్గరయ్యే చోట అది స్థిరత్వం కోల్పోతుంది. ఆ దూరానికి 175 గ్రెయిన్లది మేలు. బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే బాలిస్టిక్ కోయెఫిషంట్ అంకెను చూసి రెండు బుల్లెట్లను పోల్చేటప్పుడు రెండూ జి1 కొలతలోనో రెండూ జి7 కొలతలోనో (ఇవి రెండు వేర్వేరు నమూనా బుల్లెట్ ఆకారాలతో పోల్చి చెప్పే కొలతలు) ఉన్నాయో లేదో చూడాలి. ఒకదాని జి1ను మరొకదాని జి7తో పోల్చితే పోలిక అర్థరహితమవుతుంది. మూడు వందల గజాల లోపు కాల్చేవారు ఈ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

పిస్టళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 9 ఎంఎంకు 115, 124, 147 గ్రెయిన్ల గుండ్రని కొన ఉన్న బుల్లెట్లు దాదాపు ప్రతి పిస్టల్‌లోనూ ఆటంకం లేకుండా ఎక్కుతాయి. హాలో పాయింట్ (కొనలో గుంట ఉన్న) బుల్లెట్ కొన ఆకారం కొన్నింటిలో చిక్కుకుంటుంది కనుక తక్కువ కొని పరీక్షించాలి. పైపూతగా పల్చని రాగి మాత్రమే ఉన్న ప్లేటెడ్ బుల్లెట్లు చవకే గాని వాటికి వేగ పరిమితి ఉంటుంది. పోత సీసపు బుల్లెట్లు ఎంచుకునేవారు మిశ్రమం గట్టిదనాన్ని వేగానికి సరిపోల్చుకోవాలి. 90 శాతం సీసం, 5 శాతం తగరం, 5 శాతం యాంటిమొనీ కలిసిన మిశ్రమం మామూలు వేగాలకు సరిపోతుంది. రివాల్వర్ లక్ష్య సాధకులు ఇష్టపడే 148 గ్రెయిన్ల బోలు అడుగు వాడ్‌కట్టర్ (బల్లపరుపు కొన ఉన్న బుల్లెట్) కాగితంలో శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేస్తుంది. దాన్ని తేలిక లోడ్లకే పరిమితం చేయాలి. ఎక్కువ ఒత్తిడిలో దాని పల్చని అంచు తెగి వలయంలా బారెల్‌లో ఉండిపోవచ్చు, ఆ తర్వాతి గుండు దాన్ని ఢీకొంటుంది.

ఐదో మెట్టు: మ్యాగజైన్, తూటా పొడవు

వించెస్టర్ 1894 వంటి లీవర్ రైఫిళ్లలో తూటాలు బారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. అంటే ఒక బుల్లెట్ కొన దాని ముందున్న తూటా ప్రైమర్‌కు ఆని ఉంటుంది. వాడి కొన ఉంటే రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నే) కుదుపుకు ఆ ప్రైమర్ పేలవచ్చు. అందుకే .30-30 తూటాకు బల్లపరుపు కొన గాని, దీనికోసమే చేసిన మెత్తని రబ్బరు వంటి కొన గాని ఉన్న బుల్లెట్‌నే ఎంచుకోవాలి. ఇందులో రాజీకి తావు లేదు. ఈ రైఫిళ్లకూ, బలమైన రివాల్వర్లకూ బుల్లెట్ చుట్టూ క్యానెల్యూర్ అనే గాడి ఉండాలి. కేసు మూతిని ఆ గాడిలోకి నొక్కితేనే బుల్లెట్ జరగకుండా నిలుస్తుంది.

బాక్స్ మ్యాగజైన్ (తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చే పెట్టె) ఉన్న .308లో తూటా మొత్తం పొడవు ప్రమాణం ప్రకారం 2.810 అంగుళాలు దాటకూడదు. చాలా పొడవైన బుల్లెట్‌ను ఎంచుకుంటే ఆ కొలతలో ఇమడ్చడానికి కేసులోకి లోతుగా దించాలి, అప్పుడు పౌడర్‌కు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. బుల్లెట్ వంపు రైఫ్లింగ్‌కు (బారెల్ లోపలి గాళ్లకు) తగిలి కూర్చున్నా ఒత్తిడి పెరుగుతుంది. పదునైన సీకెంట్ (బుల్లెట్ ఒంటితో కోణంగా కలిసే) వంపు ఉన్న మ్యాచ్ బుల్లెట్లు రైఫ్లింగ్‌కు ఉండే దూరం విషయంలో పట్టుదల చూపిస్తాయి. టాంజెంట్ (ఒంటిలో నునుపుగా కలిసిపోయే) వంపు ఉన్నవి సర్దుకుపోతాయి. కొత్తవారికి టాంజెంట్ రకమే మంచిది.

ఆరో మెట్టు: మాన్యువల్‌లో ఆ బుల్లెట్ ఉందో లేదో చూడడం

పెట్టె కొనకముందే, తయారీదారు ప్రచురించిన మాన్యువల్‌లో సరిగ్గా ఆ బుల్లెట్‌కు, మీ తూటాకు, మీకు దొరికే పౌడర్‌కు లోడ్ వివరాలు ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ఆ బుల్లెట్‌ను వదిలేయాలి. బరువు ఒకటే కాబట్టి ఒక కంపెనీ 150 గ్రెయిన్ల లెక్కను మరో కంపెనీ 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కు వాడుకోవచ్చని అనుకోవడం చేతులకూ కళ్లకూ ముప్పు తెచ్చే ఆలోచన. పొడవు, బారెల్‌కు రాసుకునే ఉపరితలం, జాకెట్ గట్టిదనం వేరైతే ఒత్తిడీ వేరవుతుంది. బుల్లెట్ మారిన ప్రతిసారీ మాన్యువల్ ఇచ్చిన ప్రారంభ లోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఎవరో తమ రైఫిల్‌లో బాగుందని చెప్పిన లోడ్ మీ రైఫిల్‌కు వర్తించదు.

ఏడో మెట్టు: కొద్దిగా కొని పరీక్షించడం

పైన చెప్పినవన్నీ దాటి రెండు మూడు బుల్లెట్లు మిగిలితే చిన్న పెట్టెలు కొనాలి. ప్రతి పెట్టెలో పది బుల్లెట్లను తూచి, పొడవు కొలిచి చూస్తే తయారీ ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. తర్వాత ఒక్కో రకాన్ని ఐదేసి గుండ్ల గుంపులుగా, కనీసం రెండు వేర్వేరు రోజుల్లో కాల్చి పోల్చాలి. మూడు గుండ్ల గుంపు ఒకటి చిన్నగా వచ్చిందని తీర్పు ఇచ్చేయకూడదు, అదృష్టం అంతపాటి ఫలితాన్ని సులువుగా ఇస్తుంది. గెలిచిన బుల్లెట్‌ను ఒకే లాట్ (ఒకే విడత తయారీ) నంబరులో సరిపడినన్ని కొనుక్కోవాలి. లాట్ మారితే పొడవూ, వంపూ కాస్త తేడా రావచ్చు కనుక ముందుగా సీటింగ్ లోతును (బుల్లెట్‌ను కేసులోకి దించే లోతును) మళ్లీ కొలిచి, లోడ్‌ను కాస్త తగ్గించి పరీక్షించుకోవాలి.

బల్ల మీద ఏ సమయంలోనైనా ఒకే బుల్లెట్ పెట్టె, ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. పెట్టెలోంచి తీసిన బుల్లెట్లు మిగిలితే అదే పెట్టెలోకి వెళ్లాలి. ఏ పెట్టెదో తెలియని బుల్లెట్‌ను తూచి ఊహించి వాడవద్దు, 150 గ్రెయిన్ల సీసమూ 150 గ్రెయిన్ల రాగీ త్రాసుకు ఒకటే. సీసపు బుల్లెట్లు ముట్టుకున్న చేతులను తినేముందు, పసిపిల్లలను ఎత్తుకునేముందు సబ్బుతో చన్నీళ్లలో కడుక్కోవాలి. నింపిన ప్రతి తూటాల పెట్టె మీద బుల్లెట్ పేరు, బరువు, లాట్ నంబరు, పౌడర్, లోడ్, తూటా పొడవు, తేదీ రాసి అతికించాలి.